నెలనెలా ఇవ్వాలా, ఒకేసారి ఇవ్వాలా? కూలి కుటుంబానికి డబ్బు సాయం గురించి నేను చూసింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పెదనందిపాడు దగ్గర మీ సొంతూళ్లో, మీ పొలం మిర్చి టిక్కీలు (బస్తాలు) ఇరవై ఏళ్లు మోసిన మనిషికి నడుంలో డిస్కు జారింది. ఇక బరువు ఎత్తలేడు. భార్య ఒక్కతే కూలికి వెళుతోంది. అమ్మాయి పదో తరగతికి వస్తోంది, అబ్బాయి ఆరు. ఇంట్లో అత్తగారు ఉన్నారు, ఆవిడకి పింఛను వస్తోంది. విజయవాడలో ఉంటున్న మీ ముగ్గురు అన్నదమ్ములు కలిసి ఏడాదికి 60,000 ఇవ్వగలరు. బియ్యం, సరుకులు కొనిద్దామని ఒకరు, డబ్బే ఇద్దామని మీరు, డబ్బిస్తే వాళ్లని మనమే చెడగొట్టినట్టవుతుందని మీ పెద్దన్నయ్య. అంతేగా?

నేను పందొమ్మిదేళ్లుగా గుంటూరు జిల్లాలో డ్వాక్రా సంఘాలకు పుస్తకాలు రాస్తున్నాను. కాగితం మీద మమ్మల్ని వీవోఏ (గ్రామ సంఘం సహాయకురాలు) అంటారు గానీ ఊళ్లో ఇప్పటికీ యానిమేటరమ్మ అనే పిలుస్తారు. పొదుపు కట్టించుకోవడం, బ్యాంకు లింకేజీ అప్పులు, కంతులు, ఇవన్నీ రాసే పని. ఈ పనిలో ఉంటే, ఎవరింట్లో ఏ నెల కటకటగా ఉంటుందో, ఎవరు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారో, ఎవరి కమ్మలు ఎక్కడ తాకట్టులో ఉన్నాయో తెలియకుండా ఉండదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను: డబ్బే ఇవ్వండి. అయితే ఎంత ఇస్తున్నారన్నదాని కంటే ఏ తారీఖున ఇస్తున్నారన్నది ఎక్కువ పట్టించుకోండి. ఒక ఇంటి బతుకు మారడం, మారకపోవడం చాలావరకు అక్కడే ఉంది.

బియ్యం సంగతి ముందు చూద్దాం. బియ్యం కార్డు ఉన్న ఇంటికి మనిషికి 5 కిలోల చొప్పున నెలనెలా వస్తాయి, 2023 జనవరి నుంచి అవి పూర్తిగా ఉచితం. ఐదుగురికి పాతిక కిలోలు. అది వాళ్లకి పూర్తిగా సరిపోతుందని అనను, కానీ ఆ ఇంట్లో లేనిది బియ్యం కాదు. నూనె, పప్పు, అమ్మాయి నోటుపుస్తకాలు, నడుం నొప్పి మాత్రలు, ఆసుపత్రికి ఆటో, ఇవి లేవు. మీరు ఇంకో బస్తా బియ్యం దింపితే, అందులో సగం కొనే రేటులో సగానికి అమ్మి నూనె తెచ్చుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అవసరం ఒకటైతే చేతికొచ్చింది ఇంకొకటి, ఆ తేడాకి నష్టం వాళ్లే భరిస్తారు.

ఇప్పుడు అప్పుల సంగతి. ఇక్కడ కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే సాయం చేసేవాళ్లకి కనిపించనిది ఇదే.

మా ఊళ్లో ఒకామె భర్త 2021లో కరోనాతో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. గుంటూరులో చిన్న ఉద్యోగం చేసే ఆమె తమ్ముడు నెలకు 3,000 పంపడం మొదలుపెట్టాడు. పాపం మంచి మనిషి, అతనికీ ఏం మిగలదు. నాలుగు నెలలైంది. ఒక ఆదివారం ఊరికొచ్చి అక్క ఇల్లంతా చూసుకున్నాడు. అదే రేకు, అదే మంచం, పిల్లల ఒంటి మీద అవే గౌన్లు. నా దగ్గరకొచ్చి, బాధగానే అడిగాడు, "పన్నెండు వేలు పంపానక్కా, ఎక్కడికి పోయాయి?" అని.

ఆమె అప్పటికే నా చేత ఒక చిన్న చేతిపుస్తకం రాయించుకుంటోంది. అది తీసి చూపించాను. భర్త ఆసుపత్రి ఖర్చుకి తెచ్చిన 30,000, మూడు రూపాయల వడ్డీ. దినకార్యానికి తెచ్చిన 10,000, ఐదు రూపాయల వడ్డీ. కిరాణా కొట్లో పాత బాకీ 4,600. కమ్మలు తాకట్టు పెట్టిన 12,000. ఆ వడ్డీల లెక్క మీరూ వేసి చూడండి. ముప్పై వేలకి నెలకు 900, పదివేలకి 500. కమ్మల వడ్డీ వదిలేసినా నెలకు 1,400. అప్పట్లో ఆమె కూలి రోజుకు 250. అంటే నెలలో మొదటి ఆరు రోజులు ఆమె ఎండలో నడుం వంచేది వడ్డీ కోసమే, అసలు రూపాయి తగ్గదు. తమ్ముడి డబ్బుతో ఆమె మొదట కిరాణా బాకీ తీర్చింది, తర్వాత దినకార్యం అప్పులో కొంత కట్టింది. ఇంట్లో కొత్తగా ఏమీ కనిపించకపోవడానికి కారణం అదే. ఆ పుస్తకంలో కొట్టేసిన గీతలు చూసి అతను చాలాసేపు మాట్లాడలేదు.

డబ్బు సాయం పేద ఇంట్లో ముందు చేసే పని అది. కొత్త వస్తువు తేవడం తర్వాత, ముందు కారిపోతున్నదాన్ని ఆపుతుంది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఏడాదికి మూడు విడతల్లో 6,000. ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన పదివేల అప్పు ఏడాదికి సరిగ్గా 6,000 తింటుంది. ఒక్క చిన్న అప్పు ఒక పథకం మొత్తాన్ని మింగేస్తుంది. (పీఎం కిసాన్ పేరు పొలం ఉన్నవాళ్లదే. అన్నదాత సుఖీభవ పేరుతో రాష్ట్రం కలిపి ఇచ్చే డబ్బు కౌలు కార్డు ఉన్నవాళ్లదాకా వెళుతుంది. పొలమూ లేక, కౌలూ చేయక, పండిన పంటని మోసే మనిషికి ఈ రెంటిలో వాటా లేదు. మీరు ఆ మనిషినే పట్టించుకుంటున్నారు, అందుకే ఇంత రాయాలనిపించింది.)

కిరాణా బాకీ తీరాక ఏమైందో కూడా చెప్పాలి. బాకీ ఉన్నంతకాలం ఆమె ఆ ఒక్క కొట్లోనే కొనాలి, వాళ్లు చెప్పిన రేటుకే కొనాలి, ఇచ్చింది తీసుకోవాలి. కందిపప్పు పుచ్చిందని అనడానికి నోరు రాదు. బాకీ కొట్టేసిన నెల నుంచి ఆమె రెండు కొట్లు తిరిగి బేరమాడి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. అదే డబ్బుకి సరుకు ఎక్కువ వచ్చింది. ఆ మాట ఆమె నాకు చెప్పినప్పుడు గొంతులో వచ్చిన తేడా నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంకా పెద్ద మార్పు ఆరు నెలల తర్వాత కనిపించింది. మీది ఆ ప్రాంతమే కాబట్టి తెలిసే ఉంటుంది, మన దగ్గర కూలికి పని అన్ని నెలలూ ఒకేలా ఉండదు. పత్తి తీతలు దసరా నుంచి, మిరప కోతలు సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా, అవి చేతినిండా పని ఉండే రోజులు. ఎండలు ముదిరినప్పటి నుంచి ఆషాఢం, శ్రావణం దాకా గడవడం కష్టం. బడులు తెరిచేదీ అప్పుడే, జ్వరాలు వచ్చేదీ అప్పుడే. అప్పుడు కూలీలను పనికి తీసుకెళ్లే ముఠా మేస్త్రీ దగ్గరకెళ్లి ఐదువేలు అడ్వాన్సు తెచ్చుకుంటారు. దానికి కాగితం, వడ్డీ ఏమీ ఉండవు. జనవరిలో కోతలు మొదలయ్యాక మాత్రం బయట కూలి 400 పలుకుతుంటే అడ్వాన్సు తీసుకున్నామెకి 320 కడతారు, ఎవరి పొలంలోకి వెళ్లమంటే అక్కడికే వెళ్లాలి. మూడు నెలలు పని దొరికిందనుకోండి, రోజుకు 80 చొప్పున అదే ఐదారు వేలు అవుతుంది. తీసుకున్న ఐదువేలు ఎటూ కోతకూలిలో తీర్చాల్సిందే, పైన మళ్లీ అంత పోగొట్టుకోవాలి. వడ్డీ లేదన్న మాటే గానీ ఇంతకు మించిన వడ్డీ ఏముంది?

తమ్ముడి డబ్బు ఆషాఢంలో కూడా తప్పకుండా వస్తుందని నమ్మకం కుదిరాక ఆ ఏడాది ఆమె అడ్వాన్సు తీసుకోలేదు. సంక్రాంతి తర్వాత పూర్తి కూలికి వెళ్లింది. పెద్దమ్మాయిని అంతకుముందు ఏడాది కోతలకి తీసుకెళ్లింది, ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో జనవరి నుంచి మార్చి దాకా సగం రోజులు బడికి లేదు. ఆ ఏడాది తీసుకెళ్లలేదు. నెలకు 3,000 అన్నది ఒక పిల్ల కోతకూలి కంటే తక్కువే. అయినా పిల్ల బడిలో ఉంది. ఎందుకంటే ఆ తల్లికి చేతికొచ్చిన మూడు వేల కంటే, వచ్చే నెల కూడా వస్తుందన్న ధీమా ముఖ్యం. ఒకటి రెండు నెలలు తప్పి, మూడో నెల ఒకేసారి తొమ్మిది వేలు వచ్చి ఉంటే లెక్కకి సమానమే గానీ ఈ పని జరిగేది కాదు. మధ్యలో అడ్వాన్సు తెచ్చేసుకుని ఉండేది.

తారీఖు విలువ పింఛనుతో మనందరికీ కళ్లెదుట ఉంది. 1990ల్లో వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. 2006లో 200 అయింది, 2014లో వెయ్యి, 2019లో రెండు వేలు, 2024లో నాలుగు వేలు. నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు ఆ 200 ముసలివాళ్ల తమలపాకులకి, మాత్రలకి సరిపోయేది, ఇంట్లోవాళ్లు దాని ఊసు ఎత్తేవాళ్లు కాదు. ఇప్పుడు ఒకటో తారీఖు పొద్దున్నే గ్రామ సచివాలయం ఉద్యోగి ఇంటికే వస్తాడు. మా వీధిలో ఒక అవ్వ ఉంది, ముప్పై ఏళ్లు మిర్చి తొడిమలు తీసింది, వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. యంత్రం మీద బొటనవేలు పెడితే పడదు. చీర కొంగుతో తుడిచి మళ్లీ పెడుతుంది, తర్వాత చూపుడు వేలు, తర్వాత ఎడమ చెయ్యి. ఆ రెండు నిమిషాలు కోడలూ మనవడూ గుమ్మంలోనే నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. పడ్డాక అవ్వ ఎనిమిది ఐదువందల నోట్లూ రెండుసార్లు లెక్కపెట్టి, ఒకటి మనవడికిచ్చి గ్యాసు పొయ్యికి ట్యూబు తెమ్మంటుంది. ఆ ఇంట్లో ఏం కొనాలన్నా ఇప్పుడు అవ్వని అడుగుతారు. నెలకు నాలుగు వేలు తప్పకుండా తెచ్చే మనిషిని ఏ ఇంట్లోనూ బరువు అనుకోరు. చివరి రోజుల్లో మా అమ్మమ్మకి ఆ గౌరవం లేదు, అది నేను మర్చిపోలేను.

అదే పింఛను 2024 జూలై 1న ఒక్కసారి ఏడు వేలు వచ్చింది. తాడేపల్లి మండలం పెనుమాకలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చేతుల మీదుగా ఆ పంపిణీ మొదలైంది. పెంచిన నాలుగు వేలు, వెనక మూడు నెలలకు పెంపు వెయ్యి చొప్పున మూడు వేలు. ఆ నెల మా సంఘాల్లో నేను గమనించింది ఏమిటంటే, మామూలుగా పింఛను మొత్తం తిండికి, మందులకి ఖర్చయ్యే ఇళ్లలో కూడా ఆ పై మూడు వేలు వేరే దారి పట్టాయి. ఒకామె కుదువ పెట్టిన ఇత్తడి బిందెలు విడిపించింది. ఒకామె రెండు కోడిపెట్టలు కొంది. చిన్నది నెలనెలా వస్తే కడుపుకి, పెద్దది ఒకేసారి వస్తే వస్తువుకి. ఎవరూ చెప్పకుండానే అలా విడిపోతుంది.

ఇది మన ఊళ్ల సంగతే కాదు. మా అమ్మాయి ఎకనమిక్స్ చదువుకుంది, ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు నాకు విడమరిచి చెప్పింది. కెన్యా పల్లెల్లో గివ్‌డైరెక్ట్లీ అనే సంస్థ పేద కుటుంబాల ఫోన్లకి నేరుగా డబ్బు పంపింది. 2011 నుంచి 2013 దాకా అక్కడ జరిగిన పరిశోధనలో కొందరికి నెలనెలా, కొందరికి ఒకేసారి ఇచ్చి చూశారు. నెలనెలా అందుకున్న ఇళ్లలో తిండి కుదుటపడింది. ఒకేసారి అందుకున్నవాళ్లు ఇంటి రేకులు, మన్నికగల సామాను కొన్నారు. అదే దేశంలో తర్వాత ఇంకా పెద్ద ప్రయత్నం మొదలైంది. కొన్ని ఊళ్లకి పన్నెండేళ్లపాటు నెలనెలా ఇస్తామని మాట ఇచ్చారు, కొన్నింటికి రెండేళ్లే, కొన్నింటికి మొత్తం ఒకేసారి. రెండేళ్లే అని తెలిసినవాళ్ల కంటే, ఒకేసారి అందుకున్నవాళ్లు చిన్న వ్యాపారాలు ఎక్కువగా పెట్టారు. పన్నెండేళ్ల మాట ఉన్నవాళ్లు ఏం చేశారో వింటే మన ఆడవాళ్లు నవ్వుకుంటారు, అచ్చం మన చీటీల్లాంటివి కట్టుకున్నారు. నెలనెలా వచ్చేదాన్ని చీటీలో వేసి, తమ వంతు వచ్చినప్పుడు పెద్ద మొత్తంగా తీసుకున్నారు. చాలాకాలం వస్తుందన్న నమ్మకం ఉంటే చిన్న డబ్బుని పెద్ద డబ్బుగా మార్చుకోవడం పేదవాళ్లకి వచ్చు. ఎవరూ నేర్పనక్కరలేదు.

మన దేశంలోనూ చేశారు. 2011లో మధ్యప్రదేశ్‌లో ‘సేవ’ అనే మహిళా కార్మికుల సంస్థ, యూనిసెఫ్ సాయంతో, కొన్ని పల్లెల్లో అందరికీ డబ్బు ఇచ్చింది. పెద్దవాళ్లకి నెలకు 200, పిల్లలకి 100, తర్వాత 300, 150 చేశారు. అక్కడ జనం పని మానలేదు, పైగా సొంత పనులు పెరిగాయి. పిల్లల తిండి, బడి హాజరు మెరుగుపడ్డాయి. మీ పెద్దన్నయ్య అడిగిన ప్రశ్నే అక్కడా అడిగారు, తాగుడుకి పోతుందా అని. తాగుడు పెరిగినట్టు కనిపించలేదు. కెన్యాలోనూ అంతే.

నా అనుభవం కూడా దానికి దగ్గరగానే ఉంది, కానీ ఒక మాట కలుపుతాను. తాగే మగవాడు ఉన్న ఇంట్లో ఏ డబ్బుకైనా ముప్పు ఉంటుంది. సాయం డబ్బు అతన్ని కొత్తగా తాగుబోతుని చేయదు, అలాగని మాన్పించదు కూడా. డబ్బు ఎవరి ఖాతాలో వేయాలన్నదానికి ఈ విషయం పనికొస్తుంది. కెన్యాలో భార్యకిచ్చినా భర్తకిచ్చినా చెప్పుకోదగ్గ తేడా తేలలేదట. నేను మాత్రం ఆమె ఖాతాలోనే వేయమంటాను. మన దగ్గర కిరాణా కొట్టు, బడి, ఆసుపత్రి, చీటీ, అన్నీ చూసుకునేది ఆమె. కాకపోతే ముందు భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పండి. నిన్నటిదాకా టిక్కీలు భుజాన వేసుకుని లారీ ఎక్కించిన మనిషి, ఇవాళ ఇంట్లో కూర్చున్నాడు. అతనికి తెలియకుండా భార్య ఫోనుకి డబ్బు వచ్చిందంటే ఆ ఇంట్లో ఇంకో గాయం చేసినట్టే. "మా నాన్న ఉన్నప్పటి నుంచీ మా పంట నీ భుజాల మీదే వెళ్లింది, అందులో నీకు రావాల్సింది ఇది" అని అతనితో అనండి. నిజం కూడా అదే.

ఖాతా విషయంలో ఒకటి రెండు జాగ్రత్తలు. పాత అప్పు బాకీ ఉన్న ఖాతాలో వేయకండి. బ్యాంకు జమ చేసేసుకున్న సందర్భాలు మా సంఘాల్లోనే చూశాను, తర్వాత ఎంత తిరిగినా వెనక్కి రావడం కష్టం. మెసేజి ఎవరి ఫోనుకి వెళుతుందో కనుక్కోండి. ఊళ్లో వేలిముద్రతో డబ్బు తీసిచ్చేచోట కొందరు వెయ్యికి పది, ఇరవై పట్టుకుంటారు, కాబట్టి ఎక్కడ తీసుకుంటుందో అడగండి. మే నెలాఖరులో ఖాతా నుంచి 20 రూపాయలు, 436 రూపాయలు కట్ అయ్యాయని కంగారు పడితే అవి ప్రధానమంత్రి బీమాలవి అని చెప్పండి, వాటిని ఆపించవద్దు. ఇరవై రూపాయలది ప్రమాద బీమా, రెండు లక్షలది. కూలి ఇంటికి అది తప్పనిసరిగా ఉండాలి.

ఇప్పుడు మీ 60,000. ఆ ఇంట్లోకి ఏమేం వస్తున్నాయో కలిపి చూడాలి. అత్తగారి పింఛను ఏడాదికి 48,000. ఇద్దరు పిల్లలు బడికి వెళుతున్నారు కాబట్టి తల్లికి వందనం (బడి పిల్లల తల్లులకి రాష్ట్రం ఇచ్చే డబ్బు) ఉంటుంది. 2025 జూన్‌లో పిల్లకి 13,000 చొప్పున తల్లి ఖాతాలో వేశారు. ఆ డబ్బు ఆధార్‌కి చివరిగా జోడించిన ఖాతాలో పడుతుంది. మూడు ఖాతాలుంటే, వాడని ఖాతాలో పడి నెలల తరబడి తెలియక ఉన్నవాళ్లున్నారు. ఆమెది ఎక్కడ పడుతోందో సచివాలయంలో చూపించుకోమనండి. కరెంటు మీటరు పొరపాటున ఇంకొకరిది ఆమె ఆధార్‌కి జోడై ఉంటే 300 యూనిట్లు దాటినట్టు చూపించి పేరు తీసేస్తారు, అది కూడా సరిచూడండి.

ఇంకా ముఖ్యమైనది అతనికి సదరం, అంటే వైకల్యం ఎంతో పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్. నలభై శాతం, ఆపైన వైకల్యం అని డాక్టర్లు ధ్రువీకరిస్తే దివ్యాంగుల పింఛను నెలకు 6,000. ఏడాదికి 72,000, అంటే మీ ముగ్గురూ కలిసి ఇచ్చేదానికంటే ఎక్కువ. డిస్కుకి ఎంత శాతం ఇస్తారో నేను చెప్పలేను, అది వాళ్లు పరీక్ష చేసి తేల్చాలి. కానీ స్లాటు బుక్ చేయించడం, స్కానింగు కాగితాలు జాగ్రత్తగా పెట్టడం, నొప్పితో బస్సెక్కి క్యాంపుకి వెళ్లి మధ్యాహ్నం దాకా వరసలో నిలబడటం, ఇవన్నీ అతనొక్కడి వల్ల అయ్యేవి కావు. తోడు వెళితే భార్యకి ఆ రోజు కూలి పోతుంది. మీ అన్నదమ్ముల్లో ఒకరు ఒక రోజు సెలవు పెట్టి, కారులో తీసుకెళ్లి, సాయంత్రం దింపిరండి. మీరు ఇచ్చే డబ్బుకి దీటైన సాయం అది.

డబ్బుని నేనైతే ఇలా విడదీస్తాను. ముందు ఆమెని ఒక్కటే అడగండి: "మీకు అన్నిటికంటే ఎక్కువ వడ్డీ పడుతున్న అప్పు ఏది?" మొత్తం అప్పులన్నీ చెప్పమని అడగొద్దు, సిగ్గుపడి సగమే చెబుతుంది. ఐదు రూపాయలదో, వారం వారం కట్టే ఫైనాన్సుదో ఒకటి ఉంటుంది. దానికి ఒకేసారి 20,000 దాకా పెట్టండి. అది తీరితే నెలకు వెయ్యి ఆ ఇంట్లోనే నిలుస్తుంది. తర్వాత పన్నెండు నెలలు, నెలకు 2,500, అది 30,000. మిగిలిన పదివేలు మీ దగ్గరే ఉంచండి, ఉన్నదని మాత్రం వాళ్లకి చెప్పండి. ఆపరేషను అవసరమై ఎన్టీఆర్ వైద్య సేవలో ఉచితంగా చేసినా, తోడున్న మనిషి తిండి, ఆటోలు, ఆ పది రోజుల కూలి ఎవరూ ఇవ్వరు. సరిగ్గా ఆ పదిరోజుల్లోనే మళ్లీ ఐదు రూపాయల వడ్డీ అప్పు పుడుతుంది. "పదివేలున్నాయి, ఫోను చెయ్యి" అన్న మాట ఉంటే ఆ అప్పు పుట్టదు.

లెక్క అడగకండి. ఇది కష్టమని తెలుసు, మనం పంపినప్పుడు మనకి తెలుసుకోవాలనిపిస్తుంది. కానీ లెక్క చెప్పాల్సిన డబ్బుతో ఆమె మీకు నచ్చే వస్తువే కొంటుంది. అందరికీ కనిపించే కుర్చీ కొంటుంది, అప్పు తీర్చదు. మా ఊరి తమ్ముడు ఆ ఆదివారం తర్వాత మళ్లీ అడగలేదు. రెండో ఏడు అతను అడగకుండానే అక్క ఫోను చేసి, కమ్మలు విడిపించానని చెప్పింది.

ఎన్నాళ్లు ఇస్తారో మొదటి రోజే చెప్పండి. ఏడాదే అయితే ఏడాదే అని చెప్పండి, ఆమె దానికి తగ్గట్టు చీటీ వేసుకుంటుంది. రెండేళ్లు ఇవ్వగలిగితే ఇంకా మంచిది, అమ్మాయి పది దాటి ఇంటర్లో చేరేదాకా వస్తుంది. మధ్యలో చెప్పకుండా ఆగిపోతే మాత్రం, ఆ నమ్మకం మీద ఆమె వేసుకున్నవన్నీ కూలుతాయి, చీటీ కంతు తప్పుతుంది, సంఘంలో మాట పోతుంది. అసలు ఇవ్వనిదాని కంటే అది ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఒక నెల మీకు కుదరకపోతే ఐదు రోజుల ముందే ఫోను చేయండి.

డబ్బుతో కానివీ ఉన్నాయి. అతనికి నడుం తిరిగి రాదు, కూర్చుని చేసే పని ఏదైనా దొరకాలి. మీ ఊళ్లో ఎరువుల కొట్టో, కోల్డు స్టోరేజీలో కాటా దగ్గర రాసే పనో మీకు తెలిసినవాళ్ల ద్వారా అడిగి చూడండి. అక్షరాలు వచ్చా రావా అని అతన్నే అడగండి. ఇరవై ఏళ్లు మిర్చి యార్డులో తిరిగినవాడికి తేజ, బాడిగ అనే మిర్చి రకాలు చేత్తో ముట్టుకుని చెప్పడం వచ్చి ఉంటుంది, ఆ చెయ్యికి ఎక్కడో విలువ ఉంటుంది.

అత్తగారి పింఛను ఒకటో తారీఖున వస్తుంది కదా, మీది పదిహేనున వేయండి. అప్పుడు నెలకి రెండు జీతాలున్నట్టు ఉంటుంది, మూడో వారంలో కిరాణా కొట్లో అరువు పెట్టక్కరలేదు. మొదటిది మాత్రం పదిహేను దాకా ఆగకుండా, జూన్ 12న బడులు తెరిచేలోపే పడేట్టు చూడండి. ఆ వారంలోనే మా ఊళ్లో మేస్త్రీ ఇంటి ముందు ఆడవాళ్లు నిలబడటం మొదలవుతుంది.